ఒక్క స్టారు అర్జీ

కరోనా సద్దుమణిగిన మరుసటి ఏడాది సంగతి ఇది. అప్పటికి కాశీబుగ్గలో నేను డీటీపీ సెంటరు పెట్టి పద్దెనిమిదేళ్ళు. డీటీపీ అంటే రాతప్రతిని కంప్యూటర్లో కొట్టి, పేజీలుగా పేర్చి, అచ్చుకు సిద్ధం చేసే పని. ఇంటి ముందు గదే దుకాణం. వెనక గదిలో మా అమ్మ ఉంటుంది. జీడిపప్పు పనికి వెళ్ళి నన్ను డిగ్రీ దాకా చదివించిన మనిషి. శుభలేఖలు, కరపత్రాలు, ఎన్నికలప్పుడు ఓటరు చీటీలు, ఇవీ మా కడుపు నింపేవి. ఏడాదికి ఒకటో రెండో పుస్తకాలు మాత్రం నేను సరదా కొద్దీ ఒప్పుకుంటాను. వాటిని పేజీలుగా పేర్చి, ప్రూఫ్ చూసి, దగ్గరుండి అచ్చు వేయించి ఇస్తాను.

పుస్తకం రాసినవాళ్ళను ఇన్నేళ్ళుగా దగ్గర నుంచి చూస్తున్నాను. ఒకప్పుడు వాళ్ళకు వచ్చే అభిప్రాయాలన్నీ పోస్టుకార్డుల మీద వచ్చేవి. తిట్టినవాడు కూడా కార్డు కొని, రాసి, డబ్బాలో వేయాలి కాబట్టి కాస్త ఆలోచించి తిట్టేవాడు. ఇప్పుడు ఫోన్లో కథలు చదివే యాపులు వచ్చాయి. చదివిన బొటనవేలితోనే స్టార్లు ఇచ్చేస్తారు. ఒక రచయిత ఒక్క స్టారు చూసి నెల రోజులు అన్నం సరిగ్గా తినలేదు. ఇంకొకాయన వేరే పేర్లతో తన పుస్తకాన్ని తానే పొగుడుకుని దొరికిపోయాడు. వీళ్ళందరి మధ్య నాకు గొప్పగా కనిపించిన మనిషి దమయంతి గారు.

ఆవిడ టెక్కలిలో ఒక సర్కారు ఆఫీసులో సీనియర్ అసిస్టెంటు. పుట్టిల్లు మందస. జీడితోటలున్న కుటుంబం. "రెండో పొట్టు" ఆవిడ మొదటి నవల. జీడిపిక్క పైపెంకు పగలగొట్టాక లోపల పప్పుకు ఎర్రటి పల్చని పొట్టు ఇంకొకటి ఉంటుంది కదా, అదీ ఆ పేరు. కథంతా పైడమ్మ అనే జీడి కార్మికురాలిది. ఐదు వందల కాపీలు వేశాం. అదే నవలను భాగాలు భాగాలుగా యాపులో కూడా పెట్టించాను. ఆర్నెల్లలో పుస్తకాలన్నీ చెల్లిపోయాయి. మా ఊళ్ళో నవల రెండో ముద్రణకు రావడం నేను చూడడం అదే మొదలు.

ఆవిడ అభిప్రాయాలను భరించే పద్ధతి నాకు భలే నచ్చేది. ఆఫీసులో అర్జీలు ఎలా చూస్తారో అలాగే చూసేవారు. యాపులో వచ్చిన ప్రతి అభిప్రాయాన్నీ నా దగ్గర ప్రింటు తీయించుకుని, వరసన నంబరు వేసి, ట్యాగు కట్టిన ఫైల్లో పెట్టుకునేవారు. పొగడ్త అయితే మార్జిన్లో "చూశాను" అని రాసేవారు. ఊరికే తిడితే "చర్య అవసరం లేదు". తిట్టులో ఏదైనా పాయింటు ఉంటే "విచారించాలి".

"ఇదేటి మేడం, నవలకి కూడా ఫైలేనా?" అని ఒకసారి నవ్వాను.

"అర్జీ పెట్టినోడు కోపంగానే వస్తాడు తమ్ముడూ. కోపం చూసి పంపించీకూడదు, కాగితం చూడాల" అన్నారు. పొగడ్తల కింద రాసే "చూశాను"కీ, తిట్ల కింద రాసే "చర్య అవసరం లేదు"కీ ఆవిడ చేతిరాతలో తేడా ఉండేది కాదు. నాకది చేతనయ్యే పని కాదు. శుభలేఖలో రంగు బాగోలేదని ఎవరైనా అంటే రెండు రోజులు వాళ్ళ వీధిలోకే వెళ్ళను.

రెండో ముద్రణ పని మొదలయ్యింది. పుస్తకం ఫారాల లెక్కన అచ్చవుతుంది. ఫారం అంటే ఒక పెద్ద కాగితం మీద ఒకేసారి పడే పదహారు పేజీలు. పదిహేను ఫారాలకూ ప్లేట్లు సిద్ధమయ్యాయి. ఎనిమిది ఫారాలు అచ్చయిపోయాయి కూడా. టెక్కలిలో సాహిత్య మిత్రులు హాలు మాట్లాడుకున్నారు, పిలుపు కార్డులు నేనే కొట్టాను. సరిగ్గా అప్పుడు వచ్చింది ఆ అభిప్రాయం. పేరు నీలవేణి. ఊరు కాశీబుగ్గ. ఒక్క స్టారు.

"పుస్తకం బాగుంది గాని పన్నెండో బాగంలో పైడమ్మ పిక్కలు కొట్టి ఇంటికొచ్చి, ఏడుత్తన్న గుంట కల్లు సేత్తో తుడిసింది. అది అబద్దం. ఆ సేత్తో తుడిత్తే గుంట మొకం కాలిపోద్ది. రాసినామెకి జీడితోట తెలుసు. జీడి తెల్దు. అందరూ ఆ కాడే ఏడిసీసినామని రాత్తన్నారు. మా షెడ్డులో సదివితే నవ్వొచ్చింది."

తెలియని వాళ్ళకు రెండు మాటలు చెప్పాలి. మా వైపు గుంట అంటే చిన్నపిల్ల. జీడిపిక్క పెంకులో నల్లటి రసం ఉంటుంది. ఒంటికి తగిలితే బొబ్బలెక్కి తోలు ఊడిపోతుంది. అందుకే పిక్కలు కొట్టే ఆడవాళ్ళు చేతులకు నూనె, బూడిద పూసుకుని కూర్చుంటారు. అయినా అది గోళ్ళ సందుల్లోకి పోయి అక్కడే ఉండిపోతుంది. ఇది నాకు తెలియక కాదు. ఈ ఊళ్ళో ఎవరికి తెలియదు? కానీ చదివేటప్పుడు తట్టలేదు. ఆ పేజీ అందరికంటే ఎక్కువ నచ్చినవాణ్ణి నేనే. వెనక అట్ట మీద అచ్చు వేయడానికి ఆ నాలుగు వాక్యాలే ఏరి పెట్టాను.

దమయంతి గారు ఆ ప్రింటు తీసుకుని నంబరు వేశారు. మార్జిన్లో పెన్ను పెట్టి, ఏమీ రాయకుండా తీసేశారు. పది రోజులు ఆ కాగితం అలాగే ఉంది. ఎప్పుడూ రెండు రోజులకోసారి వచ్చే మనిషి రావడం మానేశారు. పదకొండో రోజు ఫోన్ చేసి "అచ్చు ఆపించీ తమ్ముడూ" అన్నారు.

"మేడం, తొమ్మిదో ఫారం మిషనెక్కుతోంది. ఒక్క మనిషి ఏదో అందని..."

"ఒక్క మనిషి కాదు. షెడ్డు మొత్తం నవ్వింది. చేతి సంగతి తెలీకుండా చేతుల మీద నవల రాసీసాను. ఆ పేజీ సరవ్వాల, లేదంటే పుస్తకమే వద్దు. రెండో నవల కాగితాలు కూడా అటక మీద పెట్టీసాను."

ఆ చివరి మాటకు నాకు కంగారు పుట్టింది. రెండో నవల సగం నేను చదివి ఉన్నాను. మొదటిదాని కంటే బాగుంది. అది అటక మీదే ఉండిపోతుందనిపించింది. ఆ కంగారులో నేనొక తెలివితక్కువ పని చేశాను. మొబైల్ షాపు నడిపే మా బావకూ, ఇంకో ముగ్గురికీ చెప్పి ఐదేసి స్టార్లు పెట్టించాను. ఒక్క స్టారు కిందికి జారిపోతుందని నా ఆలోచన. మా బావ "మదర్ సెంటిమెంట్ అదుర్స్" అని రాశాడు. ఇంకొకడైతే అలవాటు కొద్దీ "ప్రింటింగ్ నీటుగా ఉంది, చెప్పిన టైముకి డెలివరీ ఇచ్చారు" అని నవల కింద రాసేశాడు. వాడి శుభలేఖలు అంతకు ముందు వారమే నేను కొట్టిచ్చాను.

నీలవేణి వాటి కింద ఒకే ముక్క రాసింది: "ఈలు పుస్తకం సదవలేదు."

సాయంత్రం బస్సు దిగి దమయంతి గారు నేరుగా దుకాణానికి వచ్చారు. ఆవిడ కోపం అంతకు ముందు ఎన్నడూ చూడలేదు.

"ఏటి తమ్ముడూ ఇది? నా కోసం దొంగ సంతకాలు పెట్టించావా? ముప్పయ్యేళ్ళ సర్వీసులో ఒక్క దొంగ అర్జీ ఫైల్లో పెట్టలేదు నేను."

తల దించుకున్నాను. ఆ నాలుగూ అక్కడికక్కడే తీయించాను. తర్వాత ఆవిడ కుర్చీలో కూలబడి, బ్యాగులోంచి ఆ కాగితం తీశారు. మార్జిన్లో పది రోజులుగా ఖాళీగా ఉన్న చోట "స్థల పరిశీలన" అని రాశారు. అంటే ఆఫీసు భాషలో, కుర్చీలోంచి లేచి వెళ్ళి కళ్ళతో చూసి రావడం. ఫోన్ తీసి యాపులోనే నీలవేణికి జవాబు కొట్టారు: "అమ్మా, మీరు రాసింది నిజం. నాకు పిక్కలు కొట్టడం తెలియదు. వచ్చి చూడవచ్చా?"

పేరున్న రచయిత అందరూ చూసే చోట "నాకు తెలియదు" అని రాయడం నేను చూడలేదు. నా వృత్తిలో నేను ఎంతో మెచ్చుకున్న వాక్యాల్లో అదొకటి.

రెండు రోజులకు జవాబు వచ్చింది. "శనివారం రండి. మంచి సీర కట్టుకోకండి, మరక పోదు."

శనివారం ఇద్దరం వెళ్ళాం. ఊరి చివర ఒక ఇంటి వెనక రేకుల షెడ్డు. ఆరుగురు ఆడవాళ్ళు మిషన్ల ముందు కూర్చుని పిక్కలు కొడుతున్నారు. మమ్మల్ని చూడగానే ఒకామె లేచి నిలబడింది. ముప్పై దాటి ఉంటాయి. ముఖంలో నెత్తురు చుక్క లేదు.

"నానే నీలవేన్ని. కేసేటైనా ఎడతారేటి మేడమ్ గోరూ? తీసీమంటే ఇప్పుడే తీసీత్తాను."

"తీయొద్దమ్మా" అన్నారు దమయంతి గారు. "నువ్వు తీసేస్తే నేనెవరికి జవాబు చెప్పాల?"

షెడ్డులో ఎవరో కిసుక్కున నవ్వారు. నీలవేణి స్టూలు తెచ్చి వేసింది. దమయంతి గారు దాని మీద కూర్చోకుండా నేల మీద, ఆమె మిషను పక్కన కూర్చున్నారు. ఇంటర్ దాకా చదువుకుందట నీలవేణి. మధ్యాహ్నం అన్నాల వేళ తను పైకి చదువుతుంటే మిగతావాళ్ళు వింటారట. ఒక్క స్టారు పెట్టింది తనొక్కతే కాదు, షెడ్డంతా కూడబలుక్కుని పెట్టారట.

"మరి ఒక్కటే ఇచ్చారేం? బాగుందని కూడా రాసావు కదా" అని నేను ఉండబట్టలేక అడిగాను.

"మా పుస్తకం కాబట్టే ఒకటిచ్చినామండి. ఏరేవోలదైతే ఐదిచ్చీసి ఊరుకుందుము, మాకేటి?" అంది.

ఏ రాజుల కథో అయితే తప్పులెవరు చూస్తారు అన్నట్టు అంది. దమయంతి గారు ఆ మాటను నోట్‌బుక్కులో రాసుకున్నారు. నీలవేణి తను పెట్టిన అభిప్రాయం చూపిద్దామని ఫోన్ తీసింది. చేతులు తుడుచుకుని వేలు ఆనించింది. ఫోన్ తెరుచుకోలేదు. మూడుసార్లు ఆనించి, చివరికి నంబరు కొట్టింది.

"మాకు ఏలిముద్రలుండవండి. అరిగిపోనాయి" అంది తేలిగ్గా.

దమయంతి గారి పెన్ను ఆగిపోయింది. "మా ఆఫీసుకొస్తారమ్మా మీ వాళ్ళు. వేలిముద్ర మిషన్ మీద వేలు పడదు. తుడుచుకొని మళ్ళీ పెట్టమ్మా అంటాను. ఇన్నేళ్ళు అదే అన్నాను. ఎందుకు పడదో ఒక్కరినీ అడగలేదు" అన్నారు. ఆ మాట ఎవరితోనూ అన్నట్టు లేదు, తనకు తాను చెప్పుకున్నట్టుంది.

అప్పుడే ఇంట్లోంచి నీలవేణి కూతురు, మూడేళ్ళది, గుమ్మం తట్టుకుని పడి ఏడుస్తూ వచ్చింది. నీలవేణి గబుక్కున లేచింది. రెండు చేతులూ వెనక్కి కట్టుకుంది. మోకాళ్ళ మీద కూర్చుని, ముందుకు వంగి, తన చెంపను ఆ పిల్ల చెంపకు ఆనించింది. ఇటువైపు కన్నీళ్ళు తన చెంపతో అద్ది, తల తిప్పి, అటువైపు కూడా అద్దింది. "ఓలమ్మ, నా తల్లే, ఏటైనాది, ఏటైనాది" అంటోంది. ఏడుపు ఆగేదాకా ఆ చేతులు వీపు వెనకే ఉన్నాయి. మా కోసం చేసి చూపించింది కాదది. మేమున్నామన్న సంగతే అప్పుడు ఆమెకు గుర్తు లేదు.

దమయంతి గారు రాసుకోవడం మానేసి చూస్తున్నారు. నేను బయటికి వచ్చేశాను. ఎండలో స్కూటర్ దగ్గర నిలబడ్డాను. ఆ చెంప నాకు తెలుసు. చెమటతో తడిగా, కొంచెం గరుగ్గా, బూడిద వాసన వేసే చెంప. నా చిన్నప్పుడు మా అమ్మ అలాగే చేసేది. నాకు ఐదారేళ్ళు వచ్చేదాకా ఆమె పిక్కలు కొట్టే పని చేసి, తర్వాతే పొట్టు ఒలిచే పనికి మారింది. చెంపతో కళ్ళు తుడవడం మా అమ్మ ముద్దు చేసే తీరు అనుకునేవాణ్ణి. నా పిల్లలకు కూడా సరదాకి అలాగే చేస్తాను. చేతులు ఎందుకు వెనక్కి పెట్టుకునేదో నలభై రెండేళ్ళలో ఒక్కసారీ ఆలోచించలేదు.

దమయంతి గారు మూడు రోజుల్లో ఆ పేజీ తిరగరాసి పంపారు. వెనక అట్ట మీంచి ఆ నాలుగు వాక్యాలూ నేను తీసేశాను. పైడమ్మ చేతులు వెనక్కి కట్టుకుంది. అంతకు ముందున్న నాలుగు వాక్యాల కన్నీళ్ళూ, కరుణా ఏమీ లేవు. ఉత్తి చెంప. మా పనిలో ఇక్కడొక చిక్కుంది. తర్వాతి ఫారాలకు ప్లేట్లు అయిపోయాయి కాబట్టి తొమ్మిదో ఫారంలో పేజీలు పెరగకూడదు, తరగకూడదు. కొత్త రాత పదకొండు లైన్లు తక్కువైంది. భాగం చివర ఖాళీ మిగిలింది.

"చిన్న పువ్వు బొమ్మ వేసేయనా మేడం?"

"వద్దు. ఖాళీగానే ఉండనీ. ఇంకేదో రాలేదనిపిస్తంది" అన్నారు.

ఆ ఆదివారం మధ్యాహ్నం ప్రూఫ్ పట్టుకుని వెనక గదిలోకి వెళ్ళాను. మా అమ్మకు చదువు రాదు. మంచం మీద కూర్చుని చిక్కుడుకాయలు ఈనెలు తీస్తోంది. పక్కన కూర్చుని ఆ భాగం మొత్తం చదివి వినిపించాను. చెంప దగ్గర కాస్త నెమ్మదిగా చదివాను. ఆమె మాత్రం ఈనెలు తీస్తూనే ఉంది. నేను ఆపాక అడిగింది.

"ఆ గుంటకి అన్నం ఎవులు ఎట్టినారు?"

"అన్నమేటి?"

"మరి తల్లి ఎల్లినకాడి నుంచీ ఏటీ తినలేదన్నావు గదరా. కల్లు సెంపతో తుడిసింది, సరే. సెంపతో అన్నం ఎట్టలేదు గదా."

నేను ప్రూఫ్ మళ్ళీ వెనక్కి తిప్పి చూశాను.

"నీకు గుర్తులేదేటి? కంచం ముందర కూకోని ఎట్టమ్మా, ఎట్టమ్మా అని ఏడిసీవోడివి. నాను పెరట్లో నూనె రాసి, బూడిదతో రుద్ది, సబ్బెట్టి, మల్లీ నూనె రాసి... గోల్ల సందున నలుపు పోయిందాకా ముట్టుకునేదాన్ని గాదు. ఒకో పాలి సేతులు కడుక్కోని వొచ్చీసరికి నువ్వు కంచం కాడే నిద్దరోయీవోడివి." చిక్కుడుకాయలు పక్కకు జరిపి అంది, "లేపీదాన్ని. ఒకో పాలి లేసీవోడివి కావు."

దమయంతి గారికి ఫోన్ చేసి చెప్పాను. ఆవిడ అంతా విన్నారు. తర్వాత "ఫోన్ అమ్మగారికియ్యి తమ్ముడూ" అన్నారు. వాళ్ళిద్దరూ మాట్లాడుకుంటూంటే నేను ముందు గదిలోకి వచ్చి కూర్చున్నాను. సోమవారం పొద్దున్న పదకొండు లైన్లు వచ్చాయి. లైను ఎక్కువ కాలేదు, తక్కువ కాలేదు. తొమ్మిదో ఫారం మిషనెక్కింది. రెండో నవల అటక మీంచి దిగిందని ఆ వారమే తెలిసింది.

టెక్కలి సభలో మొదటి కాపీ అందుకోవడానికి ఆవిడ పిలిచింది ఏ పెద్ద మనిషినీ కాదు, నీలవేణిని. నీలవేణి వేదిక ఎక్కనని మొదట మొరాయించి, ఎక్కాక మాత్రం దిగకుండా ఐదు నిమిషాలు మాట్లాడింది. వారం తర్వాత యాపులో ఆమె ఒక్క స్టారు నాలుగయ్యింది. కింద రెండు ముక్కలు: "ఇప్పుడు సేతులు మాయే. కతలో వొచ్చినట్టు మందస బస్సు మాత్రం అంత బేగి రాదు, అందుకే ఒకటి తగ్గించినాము." దమయంతి గారు దాన్ని ప్రింటు తీయించుకుని పకపకా నవ్వి, మార్జిన్లో "విచారించాలి" అని రాశారు.

అభిప్రాయాలు రాసేవాళ్ళను ఎలా తట్టుకోవాలని ఇప్పుడు కొత్త రచయితలు నన్ను అడుగుతూంటారు. ఆవిడ ఫైలు సంగతి చెబుతాను. ఆ తర్వాత నా సంగతి కూడా చెబుతాను. ప్రూఫ్ చూడడమంటే అక్షరాలు చూడడమేనని పద్దెనిమిదేళ్ళు అనుకున్నవాణ్ణి నేను. మొదటి ముద్రణకు ఆ పేజీని నాలుగుసార్లు చదివాను. ఒక్క కామా కూడా వదల్లేదు. ఆ నాలుగుసార్లూ మా అమ్మ వెనక గదిలోనే ఉంది.